పెళ్లికూతురి జడ, పెద్దల కొలబద్ద

కొన్నేళ్ల కిందట పెద్దమండ్యం మండలంలోని ఒక పల్లెలో జరిగిన పెళ్లిని మేమింకా మరిచిపోలేదు. పెళ్లికూతురు బెంగళూరులోని ఒక బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే పిల్ల. పెళ్లికి నాలుగు నెలల ముందు ఆమెకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గింది గాని, ఆ తరువాత తల దువ్వినప్పుడల్లా వెంట్రుకలు గుప్పెడేసి ఊడివచ్చాయి. తల్లి మదనపల్లెకు వెళ్లి ఒక సవరం కొనుక్కొచ్చింది. దాన్ని కలిపి జడ అల్లి, కొప్పు చుట్టి, తెల్లచీర కట్టి, ముసుగు వేసి పిల్లను చర్చికి తీసుకొచ్చారు. గుమ్మం దగ్గరే ఒక సంఘపెద్ద అడ్డుపడ్డాడు. "పెట్టుడు జడతో దేవుని సన్నిధికి రావచ్చునా, అయ్యగారూ?" అని పదిమందిలో మమ్మల్ని అడిగాడు. అప్పటికే వేళ దాటుతోంది, జనం చూస్తున్నారు. వాదన ఎందుకులే అని, "తీసేస్తే మంచిదమ్మా" అన్నాం. ఆ పిల్ల పక్కగదిలోకి వెళ్లి సవరం విప్పేసి, వేలెడు మందం కూడా లేని జడతో వచ్చి నిలబడింది. మగపెళ్లివారి ఆడవాళ్లు గుసగుసలాడుకోవడం వేదిక మీద ఉన్న మాకూ వినబడింది. ఆ రోజు మేము ప్రేమను గురించి ప్రసంగించాం.

పెళ్లయ్యాక ఆమె పుట్టింటికి వచ్చిన ఆదివారాల్లో కూడా చర్చికి రాలేదు. కారణం మాకు తెలుసు. తెలిసి కూడా చాలాకాలం ఊరుకున్నాం.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, సవరం మళ్లీ కొత్త పేరుతో మన పెళ్లిళ్లలోకి వచ్చింది. మన అమ్మమ్మలు సవరం అన్నదాన్నే ఇప్పటి పిల్లలు హెయిర్ ఎక్స్‌టెన్షన్ అంటున్నారు. క్లిప్పులతో పెట్టేవి, టేపుతో అంటించేవి, సొంత జుట్టుకు కలిపి కుట్టేవి అని రకరకాలు. వాటితో ఎత్తుకొప్పులు, బన్నులు, వదులు జడలు వేస్తారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల ఆడపిల్లలకు ఇది వింతేమీ కాదు. పెళ్లికే కాదు, రోజూ ఆఫీసుకు వెళ్లేటప్పుడు పెట్టుకునేవారూ ఉన్నారు. పెట్టుకుంటే నలుగురిలో ధైర్యంగా ఉంటుందని వారి మాట. 'ఇది పాపమా, కాదా? ఒక్క మాటలో చెప్పండి' అని సంఘాల్లో తల్లులు, పెద్దలు మమ్మల్ని అడుగుతున్నారు. ఒక్క మాటలో చెప్పబోయి ఒకసారి తప్పు చేశాం గనుక, ఈసారి కొంచెం వివరంగా చెబుతాం.

ఈ విషయంలో సాధారణంగా ఎత్తి చూపే వచనాలు రెండు: 1 పేతురు 3:3, 1 తిమోతి 2:9. జడలు అల్లుకోవడం, బంగారు నగలు, వెలగల బట్టలు స్త్రీకి అసలైన అలంకారం కావని అపొస్తలులు వాటిలో బోధించారు. ఆ మాటలు ఏ లోకంలో పుట్టాయో తెలుసుకుంటే గాని వాటి బరువు అర్థం కాదు. మొదటి శతాబ్దపు రోమా సామ్రాజ్యంలో ధనవంతుల ఇంటి స్త్రీలకు తల దువ్వడానికే ప్రత్యేకంగా దాసీలుండేవారు. నుదుటి మీద గుట్టగా పేర్చిన ఉంగరాల జుట్టు, వెనుక చుట్టలు చుట్టిన జడలు ఆ కాలపు పాలరాతి విగ్రహాల్లో ఈనాటికీ కనిపిస్తాయి. సొంత జుట్టు చాలకపోతే అరువు జుట్టు పెట్టుకునేవారు. యేసుప్రభువు బాల్యకాలంలో జీవించిన ఓవిడ్ అనే రోమా కవి, రోమా సైన్యానికి లోబడిన జర్మనీ నుండి తెచ్చిన బందీల జుట్టును ప్రస్తావించాడు. అంటే ఆనాటి జడ కేవలం జడ కాదు. అందులో దాసీల చాకిరీ, ఓడినవారి అవమానం, ఉన్నవారి డాబు కలిపి అల్లి ఉండేవి. ఆ తలకట్టుతో ఒకామె వచ్చి సంఘంలో కూర్చుంటే, పక్కన కూర్చున్న దాసి తానెవరో, ఆమె ఎవరో ఆరాధనలో కూడా మరిచిపోలేదు. అపొస్తలులు గాయం చూసి మందు వేశారు.

పేతురు చెప్పిన ఆ జాబితాలో జడలతోపాటు వస్త్రాలు ధరించుకోవడం కూడా ఉంది. దాన్ని అక్షరాలా నిషేధమనుకుంటే బట్టలు కట్టుకోవడం కూడా తప్పే కావాలి! అలా ఎవరూ అనరు. స్త్రీ విలువను పైపై వాటి మీద నిలబెట్టవద్దని, సాధువైన మనసు మీద నిలబెట్టమని ఆయన భావం. మనం దాటవేసే సంగతి మరొకటి ఉంది. తిమోతి పత్రికలో స్త్రీల జడల ప్రస్తావనకు ముందు వచనంలోనే, పురుషులు కోపం, వివాదం లేకుండా ప్రార్థించాలని పౌలు ఆజ్ఞాపించాడు. పేతురు పత్రికలో నాలుగు వచనాల తరువాత, భార్యను సన్మానించని భర్త ప్రార్థనకు ఆటంకం కలుగుతుందని హెచ్చరిక ఉంది. తొమ్మిదో వచనం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం, చేశాం. ఎనిమిదో వచనం అడ్డుపెట్టి, నిన్న సంఘ కమిటీలో కేకలు వేసిన పెద్దను గుమ్మం దగ్గర ఆపినవారిని మాత్రం మేమెన్నడూ చూడలేదు.

యెషయా మూడో అధ్యాయం కూడా అంతే. సీయోను కుమార్తెల నగల జాబితా, అల్లిన జడకు బదులు బోడితల అన్న తీర్పు అందరికీ గుర్తు. కానీ ఆ అధ్యాయంలో దేవుడు మొదట వ్యాజ్యెమాడింది పెద్దలతో, అధిపతులతో. దరిద్రుల సొత్తు మీ ఇళ్లలోనే ఉందని ముందు వారిని నిలదీసి, ఆ తరువాతే స్త్రీల అలంకారాల దగ్గరకు వచ్చాడు. మనం తీర్పును చివరి నుండి మొదలుపెట్టి, మొదటికి చేరకముందే ఆశీర్వచనం చెప్పేస్తున్నాం.

జుట్టు గర్వం ఆడవాళ్లకే ఉంటుందనడం కూడా న్యాయం కాదు. ఏటేటా తలవెంట్రుకలు కత్తిరించి రెండువందల తులాల బరువు తూచుకున్నవాడు అబ్షాలోము (2 సమూయేలు 14:26). ఒక వెంట్రుకనైనా తెల్లగా గాని నల్లగా గాని చేయలేమని ప్రభువు చెప్పిన మాట (మత్తయి 5:36) శనివారం రాత్రి తలకు రంగు వేసుకొని ఆదివారం వేదిక ఎక్కే మా బోటి సేవకులకూ వర్తిస్తుంది. మా రంగు డబ్బా గురించి ఏ పెళ్లికూతురూ ఎన్నడూ గుమ్మం దగ్గర నిలదీయలేదు.

మరో ప్రశ్న మన ప్రాంతంలోనే ఎక్కువగా వినబడుతుంది. తిరుమల మనకు దూరం కాదు. కల్యాణకట్టలో భక్తులు సమర్పించే తలనీలాలను తిరుమల తిరుపతి దేవస్థానం పొడవును బట్టి వేరుచేసి వేలంలో అమ్ముతుంది. ఆ జుట్టు శుభ్రపడి, విగ్గులుగా, ఎక్స్‌టెన్షన్లుగా దేశదేశాలకు వెళుతుంది. 'అలాంటి జుట్టును విశ్వాసి తల మీద పెట్టుకోవచ్చా?' అని కొందరు కలవరపడుతున్నారు. ఈ కలవరం మనకొక్కరికే రాలేదు. వివాహమైన సనాతన యూదు స్త్రీలు చాలామంది తమ జుట్టును విగ్గుతో కప్పుకుంటారు. 2004లో యెరూషలేములోని పెద్ద రబ్బీ యోసేఫ్ షాలోమ్ ఎల్యాషివ్ భారతదేశపు ఆలయాల జుట్టుతో చేసిన విగ్గులు వాడరాదని తీర్పు చెప్పాడు. న్యూయార్కులోని బ్రూక్లిన్ వీధుల్లో ఎంతో ఖరీదైన విగ్గులను కుప్పగా పోసి తగలబెట్టారు.

మనకు మాత్రం పౌలు వేరే దారి చూపించాడు. కొరింథులో అంగడిలో అమ్మే మాంసం ఏ గుడి నుండి వచ్చిందోనని భయపడేవారికి, మనస్సాక్షి నిమిత్తం విచారణ చేయక తినమన్నాడు. భూమి, దాని సంపూర్ణత ప్రభువువే గదా అన్నది ఆయన ఆధారం. అయితే ఎదుటివాని మనస్సాక్షి నొచ్చుకుంటే మానుకోమన్నాడు (1 కొరింథీ 10:25-29). సవరానికీ అదే సూత్రం చాలు. పొరుగువారి మొక్కును మనం చులకన చేయనక్కరలేదు. మొక్కుబడి ఉన్నందున కెంక్రేయలో తల వెంట్రుకలు కత్తిరించుకున్న సంగతి అపొస్తలుల కార్యములు 18:18లోనే ఉంది. చులకన చేయకూడదు, భయపడనూ కూడదు. ఎవరి మనస్సాక్షి ఒప్పుకోదో వారు మానుకోవచ్చు. ఒప్పుకున్నవారికి తీర్పు తీర్చకూడదు.

మరైతే అంతా సమ్మతమేనా? కాదు. మేము నిజంగా భయపడేది అప్పును చూసి. టమోటా ధర పడిపోయి కోత కూలి కూడా రాక, కాయలు రోడ్డు పక్కన పారబోసుకునే రైతులున్న ప్రాంతం మనది. అలాంటి ఇంట్లో ఒక్కపూట కొప్పుకూ మేకప్పుకూ బయటి ఊరి నుండి మనిషిని పిలిపించి, పొదుపు సంఘం అప్పు తెచ్చి ఇస్తున్నారు. పెళ్లి ఫొటోలు అందరి ఫోన్లలోకి వెళతాయన్న బెదురు అందుకు ఒక కారణం. పక్కింటి పిల్ల పెళ్లికి చేశారు గనుక మనమూ చేయాలన్న పట్టింపు ఇంకో కారణం. కొప్పు సాయంత్రానికి విప్పేస్తారు. కంతులు మాత్రం ఏడాది పొడవునా కడుతూనే ఉంటారు. ఇది ఆ పిల్ల తప్పు అనడం సులువు. ఉన్నవారి పెళ్లిని మనం వేదిక మీద నుండి ఎలా పొగిడామో, లేనివారి పెళ్లిని ఎంత తొందరగా ముగించామో గుర్తు చేసుకుంటే ఆ తప్పులో మన వాటా తెలుస్తుంది.

రెండో భయం ఆరోగ్యాన్ని గురించి. జుట్టును రోజూ బిగుతుగా లాగి కట్టినా, బరువైన ఎక్స్‌టెన్షన్లు చాలాకాలం ఉంచుకున్నా కుదుళ్లు దెబ్బతిని, నుదుటి దగ్గర జుట్టు పలచబడుతుంది. చాలాకాలం అలాగే సాగితే తిరిగి రాకపోవచ్చు కూడా. జ్వరం తరువాత, కాన్పు తరువాత రెండు మూడు నెలలకు జుట్టు ఊడటం మామూలే. చాలామందికి అది తిరిగి వస్తుంది. తల్లులు ఈ రెండూ తెలుసుకుంటే మంచిది.

ధైర్యం సంగతి కూడా చెప్పాలి. మన ప్రాంతం నుండి క్యాన్సర్ వైద్యానికి వేలూరు సీఎంసీకి వెళ్లివచ్చేవారున్నారు. మందుల వల్ల తల బోసిపోయిన ఒక తల్లి, విగ్గు పెట్టుకొని ప్రభువు బల్ల దగ్గరకు వస్తే ఆమెను కపటి అంటామా? అనం. ఆమెకు ఆ విగ్గు ఒక చేతికర్ర లాంటిది. టైఫాయిడ్ వచ్చిన పెళ్లికూతురికి సవరం కూడా అంతే. కర్ర పట్టుకున్నందుకు కుంటివాణ్ణి ఎవరూ గద్దించరు. కానీ కర్ర ఏ మనిషికీ కాలు కాదు. ఎక్స్‌టెన్షన్ లేకుండా బయటికి రాలేనని ఏడ్చే పిల్లకు కావలసింది ఇంకొంచెం పొడవైన జడ కాదు, తనను జడతో కొలవని ఒక ఇల్లు, ఒక సంఘం. మన తలవెంట్రుకలన్నీ లెక్కింపబడి ఉన్నాయని (మత్తయి 10:30) ప్రభువు చెప్పింది శిష్యులు భయపడుతున్న వేళ. దువ్వెనకు ఊడివచ్చినవి కూడా ఆయన లెక్కలో ఉన్నాయి.

ఆ పిల్ల ఇంటికి మేము ఆలస్యంగానైనా వెళ్లాం. తప్పు మాదేనని, క్షమించమని అడిగాం. ఆమె ఏమీ అనలేదు. తల్లి మాత్రం, "ఎంటికలు ఏడాదిలోపే వచ్చేసినాయి అయ్యగారూ, ఆ మాటే ఇంకా పోలేదు" అంది. ఆ తరువాత మేము చేసుకున్న తీర్మానాలు ఇవి. పెళ్లిరోజున పెళ్లికూతురి ఒంటి మీద ఉన్నదాన్ని గురించి సేవకుడు గాని, పెద్దలు గాని ఒక్క మాట అనరాదు. చెప్పవలసింది ఏదైనా ఉంటే పెళ్లి ప్రకటనలకు ముందే, ఇద్దరినీ, ఇరువైపుల తల్లిదండ్రులనూ కూర్చోబెట్టి చెప్పాలి. అందులో జడ కంటే ముందు అప్పు సంగతి మాట్లాడాలి. స్త్రీల సమాజం వారు ఒక మంచి ముసుగు, రెండు తెల్లచీరలు సంఘం పేరున ఉంచి, అడిగినవారికి గుట్టుగా ఇవ్వాలి. తల దువ్వడం బాగా తెలిసిన అక్కలు ఆ ఉదయం వెళ్లి పిల్లను ముస్తాబు చేయాలి. ఉన్నవారి పిల్లకైనా, లేనివారి పిల్లకైనా వాళ్లే చేయాలి. ఇవేవీ గొప్ప సంస్కరణలు కావు. ఏ సంఘమైనా వచ్చే పెళ్లి నుండే మొదలుపెట్టవచ్చు.

పాపాత్మురాలని ఊరంతా పిలిచిన ఒక స్త్రీ తన తలవెంట్రుకలతో యేసు పాదాలు తుడిచింది (లూకా 7:38). విందుకు పిలిచిన పరిసయ్యుడు ఆమెను తప్పుపట్టాడు. ప్రభువు ఆమె ప్రేమను చూశాడు. ఈసారి పెళ్లికూతురు గుమ్మం దగ్గరకు వచ్చినప్పుడు మన కళ్లు ఎవరి కళ్లలా చూస్తాయో ముందే తేల్చుకుందాం.