పేర్లు రెండు, కందకం ఒక్కటే

నేడు ఉపకార వేతనపు దరఖాస్తు మొదలు ఆస్పత్రి రికార్డు వరకు అన్నీ 'క్లౌడ్'లో ఉన్నాయని చెప్పుకుంటున్నాం. పేరుకు మేఘమే గాని, దాని వేళ్లు నేలలోను, సముద్ర గర్భంలోను ఉన్నాయి. సన్నని గాజు పోగులలో కాంతి రూపాన ఆ సమాచారం ప్రయాణిస్తుంది. ఒకే పోగులో భిన్న తరంగదైర్ఘ్యాల కాంతిని పంపి, అనేక సంస్థలకు వేర్వేరు మార్గాలున్నట్లుగా ఏర్పాటు చేయవచ్చు. భౌతిక మార్గంపై ఇట్లు అల్లిన అల్లికలే వర్చువల్ ఆప్టికల్ నెట్‌వర్కులు.

ఈ సౌలభ్యంలోనే ఒక ప్రమాదం దాగి ఉన్నది. పటంలో వేరుగా కనిపించే రెండు మార్గాలు నేలలో ఒకే కందకం గుండా పోవచ్చు. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సమీపాన సీ-మీ-వీ 4, ఫ్లాగ్ అనే రెండు సముద్రగర్భ కేబుళ్లు తెగగా, భారతదేశంతో సహా పలు దేశాలలో ఇంటర్నెట్ మందగించింది. పేర్లు వేరు, యాజమాన్యాలు వేరు. దారి మాత్రం ఒకే ఇరుకు ప్రాంతం గుండా. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు మైక్రోసాఫ్ట్ వారు తమ అజూర్ సేవలను ఇతర మార్గాలకు మళ్లించారు. ఆలస్యం పెరిగినా సేవలు నిలిచాయి.

ఎన్నడూ తెగని తీగ కోసం వెదకడం వృథా అని మా అభిప్రాయం. ఒకటి తెగినా నిలిచే కూర్పు కావాలి. అందుకు మార్గాలను అవి పంచుకునే కందకాలు, వంతెనలు, భవనాలను బట్టి లెక్కించాలి. అంతేగాక, క్లౌడ్‌లో ఒకే సమాచారాన్ని రెండు కేంద్రాలలో ఉంచవచ్చు. ఒక కేంద్రానికి దారి మూసుకుంటే రెండవది ఆదుకుంటుంది. అయితే అక్కడి ప్రతిని ఎప్పటికప్పుడు సరిచేస్తూ ఉండాలి. లేనిచో దారి ఉండీ ఫలితం లేదు.

ఇది వ్యయంతో కూడిన పని గదా అని ఆక్షేపణ రావచ్చు. నిజమే. ప్రతి సేవకూ ప్రత్యేకంగా మరో మార్గం కేటాయిస్తే ఖర్చు ఇంచుమించు రెట్టింపవుతుంది. కాని ఒకే ఆపదకు లోనుకాని సేవలు ఒకే అదనపు మార్గాన్ని పంచుకోవచ్చు. ఆస్పత్రికి ప్రత్యేక రక్షణ, వినోదానికి పంచుకున్న రక్షణ చాలును. ఈ తారతమ్యాన్ని నిర్ణయించే భారం ఇంజనీర్లపైనే వదలరాదు. సమాజం కూడా పాలుపంచుకోవాలి.

కళాశాలలకు సైతం ఈ న్యాయమే వర్తిస్తుంది. రెండు సంస్థల వద్ద కనెక్షన్లు తీసుకున్నా, రెండు తీగలూ ఒకే స్తంభంపై నుండి వస్తే, ఒక్క లారీ తగిలిన చాలు, రెండూ తెగిపోతాయి. కనుక ధర అడిగే ముందు దారి అడగవలసిందిగా పాలకవర్గం వారికి మా మనవి. విద్యార్థులారా, ఈ విద్య నేర్చేటప్పుడు తెరమీది గీతలతో తృప్తిపడక, వాటి కింది మట్టిని కూడా పరిశీలించండి. గడువు చివరి దినాన దరఖాస్తు పంపే పేద విద్యార్థికి సంస్థల పేర్లతో నిమిత్తం లేదు. ఆనాడు దారి తెరచి ఉండాలి, అంతే.