కళ్లు లేని సాక్షి

“మనుషులకే నీళ్లు లేని సీమలో నీళ్లలోని పురుగును కాపాడాలా?” అని ఎవరైనా అడగవచ్చు. ఆదోని, ఎమ్మిగనూరు హాస్టళ్లలో బకెట్లు పట్టుకొని వరుసలో నిలబడి చదువుకున్నవాళ్లం గనుక ఆ ప్రశ్నకు మనమే జవాబు చెప్పాలి.

మన అమ్మానాన్నలు సుగ్గికి పోయే పల్నాడులో గుత్తికొండ బిలం ఉంది. ఆ గుహ నీటిలో రొయ్యలు, పీతల వర్గానికి చెందిన ఒక చిన్న ప్రాణిని నాగార్జున విశ్వవిద్యాలయం ఆచార్యులు వై. రంగారెడ్డి, ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జార్జ్ విల్సన్ 2011లో లోకానికి పరిచయం చేశారు. మన రాష్ట్రం పేరు కలిసేలా ఆ ప్రజాతికి ‘ఆంధ్రకాయిడిస్’ అని పేరు పెట్టారు. అదే ప్రజాతిలో మరో జాతి బెలుం గుహలో దొరికింది. బెలుం నిన్నటిదాకా మన కర్నూలు జిల్లాయే. 2022లో నంద్యాల జిల్లాలోకి వెళ్లింది.

చీకట్లో బతికే ఈ ప్రాణికి కళ్లు లేవు, ఒంటికి రంగు లేదు. దీని బంధువులు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికాలలో ఉన్నాయి. ఈ నేలలన్నీ కోట్ల ఏళ్ల కిందట గోండ్వానా అనే ఒకే ఖండం అనడానికి ఇది బతికున్న సాక్షి.

ఈ సాక్షికి కాళ్లున్నా పారిపోయే దారి లేదు. రాతి పగుళ్లలో నీరు దిగిపోతే అక్కడే చస్తుంది. పురుగుమందు, మురుగు కిందికి ఇంకితే ముందు తగిలేది దానికే. సున్నపురాయి గనుల కోసం కొండలు తవ్వితే దాని ఇల్లే పోతుంది.

మన దగ్గర ఉన్నది నల్లరేగడి, నల్లరాయి. బెలుం వంటి సున్నపురాయి గుహలు లేవు. అయినా కష్టం ఒక్కటే. పత్తికి కొట్టే మందు, చెత్తతో పూడ్చిన పాత బావులు, పోటీపడి దించే బోర్లు మన నీటినీ చెరుస్తున్నాయి. 2002 నాటి వాల్టా చట్టం బోర్లకు హద్దులు పెట్టింది. అది కాగితం దాటి ఊళ్లలోకి రావాలి. భూమిలోపలి ప్రాణి బతకలేని నీళ్లు మన బిడ్డలకు మాత్రం మంచివెలా అవుతాయి?

మిత్రులారా! లెక్కలో లేనివాళ్ల గతి ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అందుకే అడుగుదాం: గుహల చుట్టూ గనులకు హద్దు గీయాలి. పాడుబడ్డ బావుల్లో చెత్త పోయడం ఆపాలి. ప్రతి హాస్టల్లో ఇంకుడు గుంత తవ్వాలి. ఆ చివరి పనికి ఎవరి అనుమతీ కోసం చూడకుండా, పలుగూ పారా పట్టి ఈ వానాకాలంలోపే మనమే మొదలుపెడదాం.