పాత రంగు గీకే ముందు

సంక్రాంతి దగ్గరపడితే మా వట్లూరులోనూ, ఏలూరు చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇళ్ళకు వెల్లలు, తలుపులకు రంగులు మొదలవుతాయి. కూలి ఖర్చుకు వెరచి, ఫోనులో వీడియోలు చూసి, ఆ పని తామే చేసుకునేవారు ఇప్పుడు ఎక్కువయ్యారు. మంచిదే. అయితే కొత్త రంగు వేయడంకన్న పాత రంగు గీకడమే ప్రమాదకరమైన పని అని నా నిశ్చితాభిప్రాయం.

పూర్వపు ఎనామిల్ రంగులలో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చలలో, సీసపు లవణాలు కలిపేవారు. ఇనుప ఊచలకు తుప్పు పట్టకుండా పూసిన ఎర్రని సిందూరపు పూత సాక్షాత్తు సీసపు ఆక్సైడే. గృహాలకు వాడే రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధన మన దేశంలో 2016లో వెలువడి, 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. అది కొత్త డబ్బాకు వర్తిస్తుంది గాని, తాతగారి నాటి టేకు తలుపుపై పొరలుగా పేరుకున్న రంగును ఏమి చేయగలదు?

ఆ పొరలను పొడిగా రుద్దినప్పుడు లేచే సన్నని ధూళి నేలమీద, పరుపులమీద వాలుతుంది. పాకే బిడ్డ చేతికంటి నోటిలోకి పోతుంది. మింగిన సీసంలో పెద్దల శరీరం పీల్చుకునేదానికి నాలుగైదు రెట్లు పసివారి శరీరం పీల్చుకుంటుంది. కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత కనిపిస్తే నులిపురుగులనుకుంటాము. చదువులో వెనుకబడితే బద్ధకమంటాము. మెదడుకు జరిగిన నష్టాన్ని ఏ మందూ పూర్తిగా పూడ్చలేదు. గర్భిణి రక్తంలోని సీసం మాయను దాటి శిశువును చేరుతుంది.

2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛలతో పడిపోయినప్పుడు, ఎయిమ్స్ జరిపిన రక్తపరీక్షలలో సీసం, నికెల్ కనిపించాయి. తరువాత నిపుణుల అనుమానం పురుగుమందుల అవశేషాలవైపు మళ్ళింది. ఆ వ్యాధిని రంగులతో ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు. సీసమన్న మాటకు అంతగా ఉలిక్కిపడిన ఊరు తన గుమ్మానికున్న సీసాన్ని పట్టించుకోకపోవడమే నాకు వింతగా తోస్తుంది.

కనుక, గట్టిగా అంటుకొని ఉన్న పాత పొరను ఊరికే కదల్చకండి. సబ్బునీటితో కడిగి, ఆరనిచ్చి, దానిపైనే వేయండి. పెచ్చులూడుతున్నచోట నీరు చల్లి, తడి ఎమరీ కాగితంతోనే రుద్దండి. మంటపెట్టి రంగు ఊడదీయడం మరీ ప్రమాదం, ఆ పొగలో సీసం ఉంటుంది. ముఖానికి చుట్టుకున్న తువ్వాలు ఈ ధూళిని ఆపదు, ఎన్-95 మాస్కు కావాలి. పిల్లలను, గర్భిణులను పని ముగిసి ఇల్లు శుభ్రమయ్యేవరకు వేరే ఇంట ఉంచండి. చీపురు పట్టకుండా తడిగుడ్డతో తుడవండి. పెచ్చులను కూరపాదులలోగాని, కాలువలోగాని పోయవద్దు.

కొల్లేటి దాపున మరొక చిక్కు ఉన్నది. గోడ అడుగున చెమ్మ ఎక్కి, ఉప్పు పొంగి, పూత రాలుతుంది. దానిని ఏటేటా గీకి లప్పం పెట్టడం వృథా ప్రయాస. ఆ ధూళిలోని బూజు ఉబ్బసం రోగులకు మహా చేటు. ముందు చెమ్మ దారిని కట్టించి, పూర్తిగా ఆరిన తరువాతే రంగు కొనండి.

సున్నమే వేసుకునేవారు కళ్ళద్దాలు పెట్టుకోండి. కంట సున్నం పడితే నలపవద్దు, పాలూ నూనెలూ పోయవద్దు. రేణువులను కడిగివేస్తూ, ధారగా మంచినీటితో కనీసం అరగంట కడిగి, వెంటనే కంటి ఆసుపత్రికి వెళ్ళండి. ఆలస్యమైతే నల్లగుడ్డుపై పొర తెల్లబడిపోతుంది.