అంతు దొరకని పాట

కార్ల వెనక అద్దాల మీద వరసగా నడిచే రంగురంగుల ఎలుగుబంట్ల స్టిక్కర్లు మీరూ చూసే ఉంటారు. పిల్లల బొమ్మలేమో అనుకుంటాం గానీ, అవి గ్రేట్‌ఫుల్ డెడ్ అనే బ్యాండ్ అభిమానుల గుర్తు. 1965లో కాలిఫోర్నియాలో మొదలైన ఈ బృందాన్ని ఇక్కడివాళ్లు జామ్ బ్యాండ్ అంటారు. అంటే పాటని రికార్డులో ఉన్నట్టు అప్పజెప్పకుండా, వేదిక మీద అప్పటికప్పుడు పెంచుకుంటూ పోయేవాళ్లన్నమాట. అలా పెరిగిన పాటల్లో ముందు చెప్పుకునేది "డార్క్ స్టార్".

1967లో రాబర్ట్ హంటర్ రాసిన ఈ పాట 1968 ఏప్రిల్‌లో సింగిల్‌గా వచ్చింది. మూడు నిమిషాలు కూడా ఉండదు. పెద్దగా ఎవరూ కొనలేదు. అదే పాట 1969 ఫిబ్రవరి 27న శాన్ ఫ్రాన్సిస్కోలోని ఫిల్‌మోర్ వెస్ట్‌లో 23 నిమిషాలు సాగింది. ఆ ఏడాది చివర్లో విడుదలైన "లైవ్ డెడ్" ఆల్బమ్‌లో ఒక వైపంతా ఇదొక్కటే. జనం ఈ పాటని ప్రేమించింది అప్పుడే!

1972 ఆగస్టు 27న ఆరెగన్‌లోని వెనీటాలో అరగంట పైనే వాయించారు. ఆ కచేరీ ఎందుకో తెలుసా? స్ప్రింగ్‌ఫీల్డ్ క్రీమరీ అనే చిన్న పాల సంస్థని ఆర్థికంగా ఆదుకోవడానికి. ఇప్పటికీ షాపుల్లో కనిపించే నాన్సీస్ యోగర్ట్ వాళ్లదే.

ఇంతా చేసి పాటలో ఉన్నవి రెండు చిన్న చరణాలు. స్వరాలు చూస్తే ముఖ్యంగా మన హరికాంభోజి మేళానివే. మిగతాదంతా ఆ పూట వాళ్లకి తోచినట్టు. మనకిదేం వింత కాదు. రాగం తానం పల్లవిలో సాహిత్యం ఒక్క వరసే, దాని మీద గంటసేపు పాడతారు. అయితే అక్కడ పల్లవిలో తాళం పట్టు వదలదు. వీళ్లు ఒక్కోసారి తాళాన్నీ వదిలేసి, ఎక్కడెక్కడో తిరిగి, మళ్లీ ఇల్లు చేరతారు. డ్రమ్మర్ మిక్కీ హార్ట్ మన ఉస్తాద్ అల్లా రఖా దగ్గర లయ మర్మాలు నేర్చుకున్నవాడే.

1974 తర్వాత ఈ పాటని దాదాపు ఆపేశారు. నాలుగేళ్ల తర్వాత, 1978 డిసెంబరు 31న, వింటర్‌ల్యాండ్ హాలు మూతపడే రాత్రి మళ్లీ వాయించారు. 1984లో ఒకసారి వినిపించి మళ్లీ ఐదేళ్లు మాయం. ఈ రాత్రైనా వస్తుందేమోనని జనం ఊరూరా వెంట తిరిగేవారు. కచేరీలని రికార్డు చేసుకోవడానికి బృందం అభ్యంతరం చెప్పలేదు, 1984 నుంచి రికార్డు చేసేవాళ్లకి విడిగా చోటు కూడా ఇచ్చింది. ఆ టేపులు డబ్బు లేకుండా చేతులు మారాయి. 1995లో జెర్రీ గార్సియా పోయాక బృందం ఆగిపోయినా, ఒకదానికొకటి పోలిక లేని డార్క్ స్టార్లు అలా మిగిలాయి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మన పిల్లల సంగీతం గురించే. వారం వారం ఆన్‌లైన్ క్లాసు, విన్నది విన్నట్టు అప్పజెప్పడం, ఆపైన పోటీలు. పిల్ల ఒక్క సంగతి అటూ ఇటూ తిప్పిందంటే వంటింట్లోంచే "అలా కాదమ్మా!" అని కేక. హైస్కూలుకి వచ్చేసరికి పాట మానేసే పిల్లలు మన చుట్టూ ఎంతమందో. చదువు బరువు ఉంటుంది, నిజమే. కానీ తప్పా ఒప్పా అన్న లెక్క తప్ప పాటలో తమకంటూ చోటు లేకపోవడం కూడా ఒక కారణమని నాకనిపిస్తుంది.

పాఠం పక్కన పెట్టమనను. అది లేకపోతే తిరిగి రావడానికి ఇల్లే ఉండదు. కాకపోతే వారానికి పది నిమిషాలు, మోహనంలోని ఐదు స్వరాలిచ్చి వాళ్లిష్టమొచ్చినట్టు పాడుకోనివ్వండి. ఫోన్లో రికార్డు చేసి దాచండి. బాగుందనీ బాలేదనీ అనొద్దు. వచ్చే వారం పాడేది వేరేగా ఉంటుంది, ఉండనివ్వండి.