గుండెనొప్పికి అంబులెన్సు, మనసు చెదిరితే లాఠీనా?

ఏ ఫ్లాట్లోనో ఒక కుర్రాడు రెండ్రోజులుగా నిద్రపోకుండా అరుస్తూ సామాన్లు విసిరేస్తుంటాడు. అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చే మొదటి సలహా: "పోలీసులకి ఫోన్ కొట్టండి". అదే కుర్రాడు గుండె పట్టుకుని కూలబడితే ఈ పెద్దమనుషులే 108 అంటారు. రెండూ జబ్బులే కదండీ!

"పోలీసులు రాకపోతే వాణ్ణెవడు ఆపుతాడు, నువ్వొస్తావా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. కత్తి పట్టుకున్నవాడి దగ్గరికి అంబులెన్సు సిబ్బందిని ఒంటరిగా పంపమని నేనూ అనను. ఇద్దరూ కలిసే రావాలి. కానీ మాట ఎవరిది చెల్లాలి? అసలు తిరకాసంతా అక్కడే ఉంది.

కలిసి వస్తే చాలనుకునేవాళ్ళు అమెరికాలోని కొలరాడో వైపు ఓసారి చూడండి. 2019 ఆగస్టులో అరోరా నగరంలో ఏ నేరమూ చెయ్యని 23 ఏళ్ళ కుర్రాణ్ణి పోలీసులు మెడ బిగించి నేలకి అణిచారు. పారామెడిక్కులూ వచ్చారు. వచ్చి, పోలీసులు చెప్పింది విని, 'ఎక్సైటెడ్ డెలీరియం' అని పేరు పెట్టేసి, అతని బరువుకి మించిన మోతాదులో కెటమిన్ ఇచ్చారు. అతను బతకలేదు. ఆ ఇద్దరు పారామెడిక్కులనీ 2023 డిసెంబరులో జ్యూరీ దోషులుగా తేల్చింది. రోగి తరఫున ఉండాల్సినవాడు పోలీసుకి అసిస్టెంటయితే జరిగేది ఇదే.

దాని పక్కనే ఉన్న డెన్వర్ 2020 జూన్‌లో ఇంకో దారి పట్టింది. 911కి వచ్చే కాల్స్‌లో ఆయుధం, హింస లేనివాటికి ఒక మానసిక ఆరోగ్య నిపుణుణ్ణీ, ఒక వైద్య సిబ్బందినీ వ్యాన్లో పంపడం మొదలుపెట్టింది. అవసరం పడితేనే పోలీసు.

మరి మనకి చట్టం లేదా? భేషుగ్గా ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం, పోలీసులు తమ రక్షణలోకి తీసుకున్న మనిషిని వీలైనంత త్వరగా, 24 గంటలు దాటకుండా, దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ లాకప్పులో పెట్టకూడదు. ఇక 108 అంటారా, 2005 ఆగస్టు 15న హైదరాబాదులో పుట్టిన ఆ నంబరు వైద్యం, పోలీసు, ఫైరు మూడింటికీ పలికేదే. అంటే స్పెక్ ఉంది, సర్వరూ ఉంది. రాయాల్సింది మధ్యలో నాలుగు లైన్ల లాజిక్కు:

ఆయుధం లేదా? అంబులెన్సు ముందు, పోలీసు వెనక.
ఆయుధం ఉందా? పోలీసు ముందు. చేతిలోది కిందపడగానే మాట వైద్యుడిది.
ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అన్నదాంట్లో ఖాకీ నోరు పెట్టకూడదు.
సైరన్ ఆపెయ్యాలి, జనాన్ని పంపెయ్యాలి.

దీనికి రాకెట్ సైన్సేం అక్కర్లేదు. ఆఫీసులో సర్వర్ పడిపోతే ఎవరికి ముందు ఫోన్ వెళ్ళాలో, ఎవరి మాట ఫైనలో రాసిపెట్టుకోకుండా ఒక్క ప్రాజెక్టూ నడపం. మనిషి పడిపోతే మాత్రం ఎవరు ముందొస్తే వాళ్ళ ఇష్టమా?

ఈలోగా 2022 అక్టోబరు నుంచి పనిచేస్తున్న టెలీ మానస్ నంబరు 14416 మీ ఫోన్లో దాచుకోండి. ఉచితం, రాత్రీ పగలూ ఎత్తుతారు. లాఠీ పట్టుకుని రారు.