మిత్రులను పిలువలేని ఇల్లు

స్నేహితులతో కలిసి ఆడుకొనుటకు తన ఇంటి కంప్యూటరునే ఆటస్థలముగా చేసుకొనవలెనని ఒక విద్యార్థి కోరుకొనుట దురాశ కాదు. ఆట అతనిది, యంత్రము అతనిది, ఇంటర్నెట్టుకు నెల నెలా రుసుము చెల్లించేది అతని తండ్రి. అయినను మైన్‌క్రాఫ్ట్ సర్వరును ఇంట్లో నడపబోయిన విద్యార్థులలో చాలమందికి కలుగుతున్న అనుభవము ఒక్కటే. అదే ఇంట్లో, అదే వైఫై మీద ఉన్న తమ్ముడు ఆటలోనికి రాగలుగుతాడు. ఊరి ఆ చివరనున్న మిత్రుడు రాలేడు. కొంతసేపు ఎదురుచూచిన పిమ్మట అతని తెరపై సంబంధము కుదరలేదన్న ఒక్క మాట కనబడుతుంది, అంతే. విద్యార్థి తన అజ్ఞానమును నిందించుకొంటాడు, తండ్రి కంప్యూటరును నిందిస్తాడు. ఈ రెండు నిందలును అన్యాయమైనవనియు, లోపము వేరొకచోట ఉన్నదనియు, ఆ చోటును గుర్తించుట ఆటకు మించిన అవసరమనియు మా అభిప్రాయము.

ఇదంతయు చిరునామాకు సంబంధించిన కథ. (ఉర్దూ వారి ‘సర్‌నామా’కు, మన ‘చిరునామా’కు గల పోలిక మన కళాశాలలో ఎవరికిని విడమరచి చెప్పనక్కరలేదు.) ఇంటర్నెట్టులో నేటికిని విస్తారముగా వాడుకలోనున్న ఐపీవీ4 అను చిరునామాల పద్ధతి 1981లో స్థిరపడినది. అందులో సాధ్యమయ్యే చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే. ఆనాటి ప్రపంచ జనాభాయే ఇంచుమించు 450 కోట్లు! మనిషికొకటి చొప్పున పంచినను చాలని సంఖ్య అది. విశ్వవిద్యాలయములు, ప్రయోగశాలలు తప్ప మరెవరును వాడని ఆ రోజులలో అది సముద్రమువలె కనిపించినది. పదమూడేండ్లు తిరుగకముందే చెరువైనది.

అప్పుడు, 1994లో, ఒక ఉపాయము కనిపెట్టినారు. దానిని నాట్ అంటారు. మన హాస్టలును ఉదాహరణగా తీసికొందము. హాస్టలు మొత్తానికి బయట తెలిసిన చిరునామా ఒక్కటే. లోపలి గదుల సంఖ్యలు పోస్టుమానుకు తెలియవు, వార్డెనుకే తెలియును. ఏ విద్యార్థి ఎవరికి ఉత్తరము వ్రాసినాడో వార్డెను ఒక పుస్తకములో గుర్తు పెట్టుకొని, జవాబు రాగానే ఆ గదికి చేరవేస్తాడు. ఎవరును వ్రాయకుండ బయటినుండి తనంతట తానే వచ్చిన ఉత్తరము ఏ గదికో అతనికి తెలియదు, చింపి పారవేస్తాడు. మన ఇంటిలోని రౌటరు సరిగా ఈ వార్డెనే. లోపలి గదులకు 192.168తో గాని, 10తో గాని మొదలయ్యే సంఖ్యలు ఇచ్చే ఆచారము 1996లో కట్టుదిట్టమైనది. మనము సినిమా చూచినను, వార్తలు చదివినను ముందుగా అడిగేది మనమే గనుక జవాబు తిన్నగా వచ్చి చేరుతుంది. సర్వరు సంగతి ఇందుకు విరుద్ధము. దానిని బయటివాడు వచ్చి పలకరించవలెను. పలకరింపులను చింపివేయుటయే వార్డెను పని.

వార్డెను మనవాడే అయినంతవరకు చిక్కు లేదు. ‘25565 అను సంఖ్య వ్రాసియున్న ఉత్తరము ఏది వచ్చినను ఫలానా గదికి పంపుము’ అని ఒక ఆజ్ఞ ఇస్తే చాలును. పోర్టు ఫార్వర్డింగు అనగా ఇంతే. కంప్యూటరులో ఆడే జావా పద్ధతి మైన్‌క్రాఫ్టుకు ఆ సంఖ్య 25565, అది టీసీపీ మార్గము. ఫోనులలో ఆడే బెడ్‌రాక్ పద్ధతికి 19132, అది యూడీపీ మార్గము. ఒకదాని సంఖ్యను, మరొకదాని మార్గమును కలగలిపి రాత్రంతయు తంటాలు పడినవారు మా ఎరుకలోనే ఉన్నారు. కంప్యూటరుకు రౌటరు ఇచ్చే లోపలి సంఖ్య నేడొకటి, రేపొకటి కాకుండ స్థిరపరచవలెను. కంప్యూటరులోని ఫైర్‌వాలులోను అనుమతి ఉండవలెను. ఇంకొక్క మాట: తలుపు తెరచుకొన్నదో లేదో పరీక్షించునప్పుడు ఇంటి వైఫై మీదనుండి ఇంటి బయటి చిరునామాకే ప్రయత్నిస్తే అనేక రౌటరులు వెనుకకు త్రిప్పి పంపలేవు. బయటివారికి తెరచియున్న తలుపు ఇంటివారికి మూసియున్నట్లు కనబడుతుంది. వైఫై ఆపి, మొబైలు డేటాతో పరీక్షించుట మేలు.

ఇవన్నియు చక్కగా చేసినను ఫలితము లేనివారు మన నగరములలో నేడు ఎందరో ఉన్నారు. మా ముఖ్య వాదము వీరిని గూర్చియే.

ప్రపంచ భాండాగారములో మిగిలిన ఐపీవీ4 చిరునామాల చివరి మూటలను ఐదు ఖండాల సంస్థలకు 2011 ఫిబ్రవరి 3న పంచివేసినారు. మన ఆసియా-పసిఫిక్ ప్రాంతమునకు చేరిన నిల్వ అదే ఏడాది ఏప్రిలులో అడుగంటినది. ఆపైన కొత్తవారికి చిటికెడు చొప్పున కొలిచి ఇచ్చుటయే. మన దేశములో చౌక ఇంటర్నెట్టు వెల్లువ వచ్చినది 2016 తరువాత. అనగా కోట్లాది భారతీయులు పంక్తిలో కూర్చొనే వేళకు విస్తళ్లు అయిపోయినవి. ముందుగా వచ్చిన దేశాలు, ముందుగా వచ్చిన విశ్వవిద్యాలయములు తమ అవసరమునకు మించి పట్టుకొనిపోయినవి. ఇందులో ఒకరి కుట్ర ఏమియు లేకపోవచ్చును. కాని ఆలస్యముగా వచ్చినవాడే ఆ లోటును భరిస్తున్నాడన్నది కాదనరాని నిజము.

కంపెనీలు చేసిన పని ఏమనగా, మన ఇంటి వార్డెను మీద మరొక పెద్ద వార్డెనును కూర్చుండబెట్టినవి. వందలాది ఇండ్లకు కలిపి బయటి చిరునామా ఒక్కటే. దీనిని క్యారియర్ గ్రేడ్ నాట్ అంటారు. ఇందుకొరకు 100.64 నుండి 100.127 వరకు మొదలయ్యే సుమారు 42 లక్షల సంఖ్యలను 2012 ఏప్రిలులో ప్రత్యేకించినారు. విద్యార్థి తన రౌటరు పేజీ తెరచి, బయటి వైపున ఉన్న చిరునామాను చూడవలెను. పిమ్మట ‘నా ఐపీ ఏది’ అని చెప్పే ఏదేని వెబ్‌సైటులో కనబడే దానితో పోల్చవలెను. రెండును ఒక్కటైతే ప్రయత్నము కొనసాగించవచ్చును. రౌటరు చూపేది పైన చెప్పిన 100 వరుసలో గాని, 10తో గాని మొదలై, బయట కనబడేది వేరైతే, ఇంటి రౌటరులో ఎన్ని ఆజ్ఞలు వ్రాసినను వ్యర్థమే. పెద్ద వార్డెను మన ఆజ్ఞ వినడు. ఈ రెండు నిమిషముల పరీక్ష తెలియక వారముల తరబడి కాలము వృథా చేసుకొనేవారిని చూచి మాకు బాధ కలుగుతున్నది. ఒక విద్యార్థి ఫిర్యాదు చేయగా అతనికి సేవలందించే ఒక సంస్థ ఉద్యోగి ‘రౌటరు పాతబడినది, కొత్తది కొనండి’ అని సలహా ఇచ్చినాడట! కొత్త రౌటరుకును వచ్చేది ఆ 100 వరుస సంఖ్యయే గదా.

ఇది ఆటకు మాత్రమే పట్టిన గ్రహణమని కొందరు పెద్దలు అనుకొందురు. ఆట చెడుట మంచిదే అనేవారును లేకపోలేదు. కాని ఇంటినుండి ఒక చిన్న గ్రంథాలయమును, ఉర్దూ-తెలుగు నిఘంటువును, మన పూర్వ విద్యార్థుల ఛాయాచిత్రములను పదిమందికి చూపదలచినవానికి ఎదురయ్యే గోడయు ఇదే. చిరునామా లేని ఇల్లు అడుగగలదే గాని ఇవ్వలేదు. వినగలదే గాని ఆతిథ్యమివ్వలేదు. మరొక అన్యాయము: వందలమంది ఒకే చిరునామా వెనుక ఉండగా వారిలో ఒకడు ఎక్కడనో అల్లరి చేస్తే, ఆ చిరునామాను నిషేధించిన చోట తక్కినవారందరికిని తలుపు మూసుకొనిపోతుంది.

‘అద్దెకు ఒక సర్వరు తీసికొనరాదా?’ అని సులభముగా అనవచ్చును. నెలసరి అద్దె ఇచ్చుకొనగలవారికి అది సరియే. కంపెనీ నుండి అదనపు రుసుముపై స్థిర చిరునామా పొందుటయు ఒక మార్గము. విద్యార్థి వేతనముపై చదువుకొనే పిల్లవానికి ఈ రెండును భారములే. అందుచేత చాలమంది ఎన్నుకొంటున్నది మూడవ మార్గము. టెయిల్‌స్కేల్, జీరోటియర్ వంటివి మిత్రుల కంప్యూటరులన్నింటిని ఒకే ఇంటి గదులవలె కలుపుతవి. వార్డెను నియమమునే అవి తెలివిగా వాడుకొంటవి: ఇరువైపులవారును ఒకే సమయమున ఒకరికొకరు ఉత్తరము వ్రాస్తే, ఇద్దరు వార్డెనులును ఎదుటినుండి వచ్చినదానిని జవాబుగా భావించి లోపలికి పంపుతారు. ఎంతటి చమత్కారము! ఐదారుగురు నమ్మకమైన మిత్రులకు ఇంతకంటె సురక్షితమైన పద్ధతి లేదని మా అభిప్రాయము. బయటి లోకానికి తలుపు తెరువవలసిన పనియే లేదు గదా. ప్లేఇట్ వంటివి ఇంకొక తెగకు చెందినవి. అవి తమ సర్వరు ద్వారా మన ఆటను చుట్టు త్రిప్పి పంపుతవి. మిత్రులు తమ కంప్యూటరులో ఏమియు అమర్చుకొనక్కరలేదు గాని, ఆ చుట్టు మార్గమువలన ఆటలో కొంత జాప్యము కలుగవచ్చును. రెండింటిలోను ఒక మధ్యవర్తి సంస్థ మంచితనముపై మనము ఆధారపడియున్నామన్న సంగతి మరువరాదు. నేడు ఉచితముగా ఇచ్చినవారు రేపు ధర కట్టవచ్చును.

అసలైన పరిష్కారము ఐపీవీ6. ఇది నిన్న మొన్నటి వింత కాదు. మొదటి ప్రమాణము 1995 డిసెంబరులోనే ప్రకటితమైనది. 2017లో పూర్ణ ప్రమాణపు హోదా పొందినది. ఇందులో చిరునామాలకు కొదవ లేదు. ప్రతి ఇంటిలోని ప్రతి యంత్రమునకును తనదైన చిరునామా ఉండును. మనకు గర్వకారణమైన విషయమేమనగా, దీనిని వాడుకలోనికి తెచ్చిన దేశాలలో భారతదేశము ముందు వరుసలో ఉన్నది. పంక్తిలో ఆలస్యముగా కూర్చున్నవారే కొత్త వంటను ముందుగా రుచి చూచినారు. కావున మన విద్యార్థులు పాత చిరునామాతో పెనుగులాడుటకు ముందు తమ కంపెనీ ఐపీవీ6 ఇస్తున్నదో లేదో చూడవలెను. ఇస్తున్నచో నాట్ బెడద ఉండదు. అయితే రౌటరులోని ఫైర్‌వాలు బయటివారిని అప్పటికిని ఆపుతుంది. ఆ ఒక్క కంప్యూటరుకు, ఆ ఒక్క పోర్టుకు అనుమతి వ్రాయవలెను. కొన్ని కంపెనీలు ఇచ్చే రౌటరులలో ఆ అనుమతి వ్రాసే చోటే ఉండదు. తలుపు ఇచ్చి గడియ తమ చేతిలో ఉంచుకొన్నట్లున్న ఈ పద్ధతిని మేము ఒప్పుకొనజాలము. వచ్చే మిత్రునికి కూడ ఐపీవీ6 ఉండవలెనన్న నియమము ఒకటి మిగిలియున్నది.

తలుపు తెరచువాడు కాపలాయు కాయవలెను. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అను ఉపకరణములోని లోపము ప్రపంచమును వణికించినప్పుడు, అది మొట్టమొదట బహిరంగముగా బయటపడిన చోట్లలో మైన్‌క్రాఫ్ట్ సర్వరులు ముఖ్యమైనవి. ఆటలోని సంభాషణ పెట్టెలో ఒక వాక్యము వ్రాసి ఎదుటివాని యంత్రమును వశపరచుకొనగలిగినారు. అంతకు ముందు 2016లో లక్షలాది కెమెరాలను, రౌటరులను పట్టి పీడించిన మిరాయ్ వెనుక ఉన్న అమెరికా యువకులు మొదట మైన్‌క్రాఫ్ట్ సర్వరుల వ్యాపారపు పోటీలో ఒకరినొకరు దెబ్బతీసికొనే ముఠాలనుండి వచ్చినవారే. ఆటలో ఏమున్నదని తేలికగా తీసివేయువారికి ఈ రెండు ఉదంతములు చాలును. కాబట్టి తెరువవలసినది ఒక్క పోర్టు. ‘డీఎంజెడ్’ పేరుతో ఇంటి గోడ మొత్తము పడగొట్టరాదు. పేర్లు వ్రాసియున్నవారికే ప్రవేశము కల్పించే వైట్‌లిస్టు పెట్టవలెను. సర్వరును ఎప్పటికప్పుడు కొత్త కూర్పునకు మార్చవలెను. రౌటరుకు కొన్ననాటి సంకేతపదమునే ఉంచుకొనరాదు. మిరాయ్ జొరబడినది ఆ దారినే.

ఇక కళాశాల పాలకవర్గమువారికి ఒక విన్నపము. మన సిలబసులో చిరునామాలు, పోర్టులు, ఫైర్‌వాలులు అన్నియు ఉన్నవి. పరీక్షలో పది మార్కులకు పటము గీయించుటతో ముగుస్తున్నవి. ఒక్క మిత్రుని సర్వరులోనికి రప్పించుటకు విద్యార్థి పడిన శ్రమలో ఆ పాఠములన్నియు ఇమిడియున్నవి. టెలికాం శాఖ 2010 జూలైలో ఒకటి, 2013 మార్చిలో మరొకటి ఐపీవీ6 ప్రణాళికలను ప్రకటించినది. సాంకేతిక విద్య పాఠ్యప్రణాళికలలో దీనిని చేర్చవలెనన్న మాట ప్రభుత్వమే చెప్పినది. మేము కోరేది అంతకంటె చిన్నది. కళాశాల ఇంటర్నెట్టుపై ఐపీవీ6 ఇవ్వవలసినదిగా సేవాసంస్థకు ఒక లేఖ వ్రాయవలెను. ప్రయోగశాల మూలన పనిలేక పడియున్న పాత కంప్యూటరులలో ఒకదానిని సర్వరుగా నడుపుటకు అనుమతించవలెను. కళాశాల నెట్‌వర్కుకు ముప్పు రాకుండ దానిని వేరు గీతపై ఉంచవచ్చును. మైన్‌క్రాఫ్ట్ అన్న పేరు అభ్యంతరమైతే, లువాంటి అను ఉచిత ఆట ఉన్నది. 2024 వరకు దానిని మైన్‌టెస్టు అనేవారు. దానికి ఎవరికిని రుసుము చెల్లించనక్కరలేదు.

వారమునకొక సాయంత్రము చాలును. ఉర్దూ మాధ్యమము వారును, తెలుగు మాధ్యమము వారును అక్కడ కూర్చొని, ఆ గోడ దాటి సెలవులకు ఇంటికి వెళ్లిన తమ మిత్రులను లోపలికి పిలువగలరేమో ప్రయత్నింతురు. బాధ్యత వహించుటకు మూడవ సంవత్సరపు విద్యార్థులు సిద్ధముగా ఉన్నారు. ఐదు గంటలకు ప్రయోగశాలకు తాళము వేసే అటెండరుగారిని ఏడు వరకు ఉండుమని ఒప్పించవలసిన పని మాత్రము పాలకవర్గమువారిదే.