బడికి కావలసింది పోటీ కాదు, వాటా



పోటీ పెట్టి నిధులిస్తేనే సర్కారు బడులు బాగుపడతాయన్న వ్యాసం చదివాను. ఆ వాదనతో ఏకీభవించలేను.

2022 సెప్టెంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం శ్రీ పథకం 27,360 కోట్ల రూపాయలతో 14,500 బడులను తీర్చిదిద్దుతామంది. బడులు పోటీపడి ఎంపిక కావాలి, మండలానికి రెండుకు మించవు. దరఖాస్తు చేయాలంటేనే మంచి భవనం, తాగునీరు, కరెంటు, మరుగుదొడ్లు ఉండాలి. అవే లేని బడి ఆ గుమ్మం ఎలా ఎక్కుతుంది? నిండిన విస్తట్లోనే మళ్లీ వడ్డిస్తే ఆకలిగొన్నవాడి సంగతేమిటి?

మా చందానగర్ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లు కట్టే కూలీల పిల్లలు ఏడాది మధ్యలో బడిలో చేరతారు, పని ముగియగానే వెళ్లిపోతారు. అలాంటి పిల్లలను అక్కున చేర్చుకున్న బడిని హాజరు, మార్కులు చూసి పోటీలో వెనక్కి నెట్టడం అన్యాయం.

2022లోనే తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన ‘మన ఊరు–మన బడి’ 26 వేలకు పైగా బడులను మూడు దశల్లో బాగుచేయాలనుకుంది. పిల్లలు ఎక్కువున్న బడులకు తొలి వరుస ఇచ్చింది. అమలు ఎలా ఉన్నా, ఏ బడినీ వదలకూడదన్న ఆ సూత్రం సరైనది.

జాతీయాదాయంలో 6 శాతం చదువుకివ్వాలని కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. ముందు ఆ వాటా ఇచ్చి, అవసరాన్ని బట్టి పంచాలి. కొత్త ప్రయోగాలకు విడిగా పోటీ పెడితే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

– ఒక పాఠకురాలు, చందానగర్